చినిగిన రెక్కకు జిగురు పెట్టిందెవరు

మా కాలనీలో నన్ను ఇప్పటికీ ‘చుక్కల మేడమ్’ అంటారు. ముఖాన పెట్టుకునే బొట్టు చూసి అంటున్నారనుకునేరు, కాదు. సీతాకోక రెక్క మీద చుక్క ఉందా లేదా అని ఏళ్ల తరబడి పిల్లల్నీ, తోటి లెక్చరర్లనీ, చివరికి ముక్కూమొహం తెలియని జనాన్నీ వేపుకుతిన్నందుకు వచ్చిన బిరుదు అది. అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కోపం ఎక్కువ, ఓపిక తక్కువ అని సర్వీసంతా నా వెనకాల అనుకున్నారు. ముఖం మీద అని ఉంటే ఒప్పుకునేదాన్ని.

ఉద్యోగంలో సాధించింది ఏదైనా రాయండి మేడమ్ అని మా పాత విద్యార్థులు అడిగారు. సాధించినవి రాస్తే మీకు ఆవలింతలొస్తాయి. అందుకని నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఫోన్లో ఫొటో తీసి, అదేం పురుగో నిమిషంలో తేల్చేసే మీలాంటివాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఆ పురుగు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సీతాకోక అనగానే మీ కళ్లముందు రంగురంగుల రెక్కలు ఆడతాయి. స్కిప్పర్ అనేది అలాంటిది కాదు. రెక్కలు మూసుకుంటే రూపాయి బిళ్లంత, మట్టిరంగు, లావుపాటి ఒళ్లు, గుడ్లురిమినట్టుండే కళ్లు. సుతారంగా ఎగరదు. ఇక్కడ దూకి అక్కడ పడుతుంది, మీరు ఫోన్ సరిచేసుకునేలోపు మళ్లీ ఇంకో చోట ఉంటుంది. వీటిలో రెండు రకాలు మరీ కవలపిల్లల్లా ఉంటాయి. ఒకదాన్ని మా డిపార్ట్‌మెంటులో వరి స్కిప్పర్ అనేవాళ్లం. కణేకల్ వైపు కాలువ కింది వరిమళ్లలో దాని గొంగళిపురుగు ఆకు చుట్టుకుని హాయిగా పడుకుని ఉంటుంది. రెండోదాన్ని గీత స్కిప్పర్ అనేవాళ్లం. దానిలో మగదానికి ముందురెక్క పైవైపు బూడిదరంగు గీత ఒకటి ఏటవాలుగా ఉంటుంది. రెక్కలు మూసినప్పుడు చూస్తే వెనకరెక్క కిందివైపు, మధ్యలో, ఒక చిన్న తెల్లచుక్క కూడా ఉంటుంది. వరి స్కిప్పరుకు ఆ గీతా ఉండదు, ఆ చుక్కా ఉండదు. పైన గీత, కింద చుక్క. ఈ చదువు మొత్తం ఇంతే, కానీ ఈ రెండూ చూడకుండా పేరు చెప్పేవాణ్ని నేను నమ్మను.

రిటైర్‌మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా మా ప్రిన్సిపాల్ గారికి ఒక కోరిక పుట్టింది. జిల్లాలోని సీతాకోకలన్నిటితో ఒక పుస్తకం వేయాలి, అదీ జనం పంపిన ఫొటోలతోనే.

“ఏ జిల్లా సార్, పాతదా కొత్తదా?” అని అడిగాను. అప్పటికే జిల్లా రెండయింది, పుట్టపర్తి వేరే జిల్లాకు కేంద్రమైంది.

“పాతదే లేమ్మా. సీతాకోకలకి ఇంకా జీవో కాపీ అందలేదు కదా,” అన్నాడాయన. ఆయన వేసిన జోకుల్లో పేలింది అదొక్కటే, అందుకే గుర్తుంది.

వాట్సాప్ గ్రూపు పెట్టారు. వచ్చిన ఫొటోలకు పేర్లు పెట్టే పని నా నెత్తిన పడింది. ఎన్ని రకాల ఫొటోలని! ఒకాయన గాల్లో పోతున్న మచ్చను పంపి “ఇది ఏ రకం మేడమ్?” అని అడిగాడు. “తొందరలో ఉన్న రకం” అని రాశాను. ఒక టీచరమ్మ ఎండుటాకును పంపింది. నేను దానికి పేరు పెట్టబోయి ఆఖరి క్షణంలో ఆగాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి.

స్కిప్పర్ల విషయంలో మాత్రం గ్రూపులో ఒక శాసనం వేశాను. పైరెక్క ఫొటో ఒకటి, కిందిరెక్క ఫొటో ఒకటి, రెండూ పంపితేనే చూస్తాను, ఒక్కటి తగ్గినా వాపసు. పాపం జనం బతిమాలారు. “మేడమ్, అది రెక్కలు తెరవదు, నేనేం చేసేది?” అని ఒకరు. “తెరిచింది మూయదు మేడమ్” అని ఇంకొకరు. నేను వినలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ శాసనమే నా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

ఆ గ్రూపులో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ముదిగుబ్బలో పురుగుమందుల అంగడి నడిపే ఆయన. నలభై అయిదేళ్లుంటాయి. మనం అంగడాయన అనుకుందాం. రోజూ తెల్లారగానే ఊరి బయట గొర్రెలు మేసే బీడు భూముల్లోకి పోయి, నేల మీద బోర్లా పడుకుని ఫొటోలు తీసేవాడు. మొదట్లో తోవన పోయేవాళ్లు పాము కరిచిందేమోనని పరుగెత్తుకొచ్చారట. తర్వాత అలవాటైపోయింది. “శెట్టి పడుకోనుండాడు, మెల్లగా పోండి” అని వాళ్లే గొర్రెల్ని పక్కకి తోలేవాళ్లట.

“పురుగుమందులు అమ్ముతూ పురుగుల ఫొటోలు తీయడమేందప్పా?” అని ఒకసారి ఫోన్లో అడిగాను.

“అవి శెనక్కాయ పురుగులు మేడమ్, ఇవి గడ్డి పురుగులు. ఇవి మన జోలికి రావు, మనం వీటి జోలికి పోము. అయినా పొద్దున్నే ఒక గంట వీటిని చూస్తే, దినమంతా అంగట్లో మా నాయన మాటలు పడేదానికి ఓపిక వస్తాది,” అన్నాడు.

ఆ అంగడి వాళ్ల నాయన పెట్టింది. ఎనభై దాటినా ఆ పెద్దాయన రోజూ వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. అంగడి తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. కొడుకు ఇరవై ఏళ్లుగా పక్కన నిలబడి సరుకు అందిస్తున్నాడు తప్ప ఆ తాళంచెవి ముట్టుకున్న పాపాన పోలేదు. “వానికి అంగడి చేతగాదు. పురుగుల ఎంట పొయ్యేటోనికి యాపారం ఏం తెలుస్తాది?” అని పెద్దాయన వచ్చిన ప్రతి రైతుకూ చెప్పేవాడట. ఇది అంగడాయన నవ్వుతూనే చెప్పాడు. కానీ నవ్వుతూ చెప్పే మాటలు ఎక్కడ గుచ్చుకుంటాయో నాకు తెలియనిది కాదు. మా నాయన కూడా నేను లెక్చరరయ్యేదాకా నన్ను ‘బొద్దింకల డాక్టరు’ అనేవాడు.

ఆ ఏడు ఒక్క మంచి వాన పడింది. మన నేల సంగతి మీకు తెలుసు. ఒక్క వాన పడితే చాలు, పది రోజుల్లో బీళ్లన్నీ పచ్చబడి గడ్డిచేమంతి విరగబూస్తుంది. ఇంకో పది రోజులకు ఏమీ జరగనట్టు మళ్లీ ఎర్రగా ఎండిపోయి ఉంటుంది. ఆ మధ్య పది రోజులే మాకు పండగ. ఆ పండగలో ఒక పొద్దున అంగడాయన నుంచి రెండు ఫొటోలు వచ్చాయి. గడ్డిచేమంతి పువ్వు మీద స్కిప్పర్, రెక్కలు తెరిచి ఒకటి, మూసి ఒకటి. నా శాసనం తు.చ. తప్పకుండా పాటించాడు.

పైన గీత ఉంది, బ్రహ్మాండంగా ఉంది. సరే, గీత స్కిప్పర్ మగది అనుకుని రెండో ఫొటో తెరిచాను. కింద చుక్క లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను, లేదు. పైన గీత ఉండి కింద చుక్క లేని మూడో రకం ఒకటి పాత పుస్తకంలో ఉంది, కానీ అది ఎక్కడో దూరాన కొండ అడవుల్లో ఉండేది. మన ఎండు నేల మీద దాన్ని చూశామన్నవాళ్లు ఎవరూ లేరు. దాని పేరు ఇక్కడ రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మూడు రోజులు నాకు తిండి సయించలేదు. మా ల్యాబ్ అటెండర్ చేత మ్యూజియం పెట్టెలన్నీ దించించి, పిన్నులు గుచ్చిన పాత స్కిప్పర్లన్నిటితో ఫొటోల్ని పోల్చాను. ఒక్కదానితోనూ కుదరలేదు. కుదరకపోయేకొద్దీ నాకు సంతోషం పెరిగింది. చూడండి, అక్కడే ఉంది అసలు జబ్బు. గ్రూపులో “మన జిల్లాలో ఇదే మొదటిసారి” అని రాసి, అంగడాయనకు ఫోన్ చేసి చెప్పాను.

ఆయన ఫోన్ పక్కన పెట్టినట్టున్నాడు. తర్వాత “నాయనా, ఇట్ల రా” అని పిలవడం వినబడింది. ఏదో గుసగుస. ఆ వెంటనే పెద్దాయన గొంతు ఖణేల్మంది. “అట్లనా! అది మందుకి చస్తాదా, చావదా?”

ఆ తర్వాత పెళ్లి పనుల్లాగే అయింది. పుస్తకంలో ఒక పేజీ మొత్తం ఆ రెండు ఫొటోలకే ఇచ్చాం. ఆదివారం పుస్తకావిష్కరణ, ఆ సభలోనే అంగడాయనకు శాలువా సన్మానం. జన్మలో కొడుకును మెచ్చుకోని ఆ పెద్దాయన అనంతపురం వస్తానన్నాడట, కొత్త పంచె కూడా కొన్నాడట. అంగడాయన ఈ మాట నాకు రెండుసార్లు చెప్పాడు. నాకైతే అది విని కడుపు నిండింది. అటు నా సర్వీసు ముగిసేముందు ఇలాంటి ఘనత దక్కినందుకు లోలోపల ఉబ్బిపోయాను కూడా. ఎందుకు దాచడం?

శనివారం పొద్దున హాల్లో ఫ్లెక్సీలు కడుతున్నారు. ప్రిన్సిపాల్ గారు ఆ రెండు ఫొటోల్నీ తలుపులంత పెద్దవి చేయించారు. రూపాయి బిళ్లంత స్కిప్పర్ అంత పెద్దగా కనబడితే నాకే భయమేసింది. మా ల్యాబ్ అటెండర్ నిచ్చెనెక్కి తాళ్లు కడుతున్నాడు. ఈయన గురించి మీకు ఒక్క విషయం చెప్పాలి. ముప్పై ఏళ్లుగా మా మ్యూజియంలో పిల్లలు చేతులు పెట్టి పాడుచేసిన సీతాకోకల రెక్కల్ని సన్నటి కుంచెతో జిగురు రాసి అతికించేది ఆయనే. పుస్తకం పేర్లు ఆయనకు అక్కర్లేదు, చినిగిన రెక్క మాత్రం ఆమడ దూరం నుంచి కనిపెడతాడు.

నిచ్చెన మీది నుంచే పిలిచాడు. “మేడమ్, దీనికి జిగురు ఎవురు పెట్టిరి?”

“దేనికన్నా?”

“ఈ పురుగుకి. తెరిసిన ఫోటోలో ఎడమపక్క ఎనక రెక్క చినిగిండాది, చూడండి, కొస కాడ ఎలక కొరికినట్ల. మూసిన ఫోటోలో అదే రెక్క బాగుండాది. నేనైతే అతికియ్యలే.”

నేను నవ్వాను. నవ్వుతూనే చూశాను. చూస్తూనే నవ్వు ఆగిపోయింది. ఆయన చెప్పింది నిజం. ఫోన్లో చూసినప్పుడు ఆ చిరుగు గడ్డిచేమంతి రేకు అంచులో కలిసిపోయింది. తలుపంత ఫ్లెక్సీ మీద చెయ్యి దూరేంత కంత కనిపిస్తోంది.

పరుగున పోయి, పుస్తకం కోసం అంగడాయన పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన అసలు ఫొటోలు తెరిచాను. చినిగిన రెక్క ఫొటో ముందు తీసింది. బాగున్న రెక్క ఫొటో మూడు నిమిషాల తర్వాత తీసింది. బాగున్న రెక్క తర్వాత చినిగిందంటే అర్థముంది. చినిగిన రెక్క మూడు నిమిషాల్లో అతుక్కోదు కదా!

అవి రెండు పురుగులు. రెక్కలు తెరిచినది గీత స్కిప్పర్. రెక్కలు మూసినది వరి స్కిప్పర్. రెండూ మన గడ్డిలో రోజూ దూకే మామూలువే. పైది ఒకదానిది, కిందిది ఇంకొకదానిది తీసుకుని, లేని మూడోదాన్ని నేను పుట్టించాను. రెండు ఫొటోలు లేకపోతే వాపసు అని జనాన్ని బెదిరించిన నేను, ఆ రెండూ ఒకదానివేనా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ప్రిన్సిపాల్ గారికి చెబితే ఆయన కుర్చీలో కూలబడ్డారు. “పుస్తకాలు అచ్చయి వచ్చేసినాయి మేడమ్. రేపే సభ. ఆ చుక్క ఉందో లేదో ఈ జిల్లాలో మీరు తప్ప ఎవరు చూస్తారు?”

“అదే సార్. చూడాల్సింది నేనొక్కదాన్నే. నేనూ చూడలేదు.”

ఆయన మంచివాడు. కాసేపు తల పట్టుకుని, “అయితే ముందు ముదిగుబ్బకు పోయి ఆయనకి చెప్పి రాండి. సభలో తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు,” అన్నారు.

ఫోన్లో చెప్పే మాట కాదు. అటెండర్‌ను తోడు తీసుకుని బస్సెక్కాను. నిజం చెప్తాను, బత్తలపల్లి దాటాక బుద్ధి పెడదారి పట్టింది. నెల తిరిగితే రిటైరవుతాను. నోరు మూసుకుంటే అందరూ సంతోషంగా ఉంటారు, తండ్రీ కొడుకులతో సహా. ఆ మాట మనసులో మెదిలినందుకు సిగ్గేసింది, భయం కూడా వేసింది. పక్కన అటెండర్ కిటికీలోంచి చూస్తూ, “చూసినాక చూడలేదనేదానికి కుదరదు మేడమ్” అన్నాడు, నేను పైకి ఏమీ అనకపోయినా.

అంగడి సరిగ్గా బస్టాండు దగ్గరే ఉంది. లోపల గోడ మీద దేవుడి పటానికీ లైసెన్సుకూ మధ్య ఆ రెండు ఫొటోలూ ఫ్రేము కట్టి ఉన్నాయి. పెద్దాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని, మందు కోసం వచ్చిన ఒక రైతుకు వాటిని కట్టెతో చూపిస్తున్నాడు. “ఇది మన జిల్లాకే మొదటిది. మావోడు పట్టినాడు. ఇట్లాంటిది నీ చేన్లో కనపడితే మందు కొట్టొద్దు, మాకి చెప్పు.”

నన్ను చూసి లేచి నిలబడబోయాడు. “నువ్వేనామ్మా చుక్కల మేడమ్? నీ పుణ్యాన మావోడు మనిసైనాడు. కూర్చో, కూర్చో. రేపు పొద్దున ఎన్ని గంటలకి రావాల మేము?”

నేను గోడ మీది ఫ్రేము వైపు చూస్తూ కూర్చున్నాను. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించారు. జీవితంలో మొదటిసారి ఉగ్గాని ప్లేటు ముట్టుకోలేదు. అటెండర్ మాత్రం రెండు ప్లేట్లు తిని, మెల్లగా “మేడమ్, చీకటి పడితే బస్సు దొరకదు” అన్నాడు. అది బస్సు గురించి కాదని నాకు అర్థమైంది.

అంగడాయన్ని వెనక గోడౌన్లోకి పిలిచి, ఆయన ఫోన్లోనే ఆ రెండు ఫొటోలూ తెరవమన్నాను. “ఎడమ వెనకరెక్క కొస చూడప్పా. రెండిట్లోనూ.” ఆయన రెండు వేళ్లతో పెద్దవి చేసి చూశాడు. ఒకటి చూశాడు, ఇంకొకటి చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే ముఖం తెల్లబోయింది.

“ఇవి రెండు పురుగులా మేడమ్?”

“రెండు పురుగులే నాయనా.”

“దేవుడా!” అంటూ మందు డబ్బాల మీద కూర్చుండిపోయాడు. గుర్తు చేసుకుంటూ చెప్పాడు. “అది రెక్కలు తెరిసినప్పుడు ఒకటి తీసినా. మూస్తాది కదా అని పడుకోనే ఉంటి. అంతలోకి గొర్లు వచ్చినాయి, దుమ్ము లేసింది. కండ్లు తుడుసుకోని చూస్తే అదే పువ్వు మీద మూసుకోని ఉండాది. అదే అనుకుంటి మేడమ్. మోసం చేయల్ల అని చేయలే.”

“నువ్వు మోసం చేశావని ఎవరన్నారు? తప్పు నాది. రెండు అడిగింది నేను. రెండూ ఒకదానివేనా అని చూడాల్సింది నేను. రేపు స్టేజీ మీద ఆ మాట నేనే చెప్తాను. నువ్వు పంపిన మంచి ఫొటోలు పుస్తకంలో ఇంకా ఉన్నాయి, శాలువా వాటికి కప్పుతాం.”

ఆయన నా మాట వింటున్నట్టు లేదు. తలుపు సందులోంచి బయట కూర్చున్న పెద్దాయన వైపు చూస్తున్నాడు. బయట పెద్దాయన ఇంకో రైతుకు కట్టెతో ఫ్రేము చూపిస్తున్నాడు.

“నాయనకి ఎట్ల చెప్పేది మేడమ్?” అన్నాడు, చిన్నపిల్లాడిలా.

పాఠాలు చెప్పేవాళ్ల దగ్గర అన్నిటికీ జవాబు ఉంటుందనుకుంటారు మీరు. బస్సు వేళకు లేస్తుంటే ఆయనే అడిగాడు. “రేపు నేను గూడ రెండు మాటలు మాట్లాడొచ్చా?” మాట్లాడమన్నాను.

ఆ సాయంత్రం మా పిల్లలంతా కూర్చుని ప్రతి పుస్తకంలోనూ ఆ పేజీ మీద ఒక చీటీ అతికించారు. ‘ఈ రెండు ఫొటోలు రెండు వేర్వేరు సీతాకోకలవి. రెండూ మన దగ్గర మామూలుగా ఉండేవే. పేరు పెట్టడంలో తప్పు నాది’ అని రాసి కింద సంతకం చేశాను. జిగురు కలిపింది మా అటెండరే. “ముప్పై ఏండ్లు రెక్కలు అతికిస్తి, ఇప్పుడు మీ తప్పు అతికిస్తాండా మేడమ్,” అన్నాడు. నేను కసిరాను, తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

ఆదివారం హాలు నిండింది. ఫ్లెక్సీలు తీసేద్దామా అని ప్రిన్సిపాల్ గారు అడిగితే ఉండనీయమన్నాను. ముందు వరసలో మడత నలగని కొత్త పంచె కట్టుకుని పెద్దాయన కూర్చున్నాడు. ఆయనకు ఇంకా తెలియదని కొడుకు కళ్లు చూడగానే తెలిసింది. నేను లేచి, ఫ్లెక్సీ మీది చిరుగును బెత్తంతో చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. హాల్లో గుసగుసలు లేచాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు, “ఏమంటాంది ఆయమ్మ?” అని.

అంగడాయన మైకు దగ్గరికి వచ్చాడు. సభను చూడలేదు. వాళ్ల నాయననే చూశాడు.

“మా అంగట్లో ఒక పద్ధతి ఉండాది. మా నాయన పెట్టింది. రైతుకి ఒక మందు బదులు ఇంకొకటి పోయిందని తెలిస్తే, రైతు వచ్చి అడిగేదాక కూర్చోగూడదు. మనమే చేనికి పోయి వాపసు తెచ్చుకోవాల. నా చిన్నప్పుడు మా నాయన ఎర్రటి ఎండలో సైకిలెక్కి పోయి, రైతు డ్రమ్ములో కలుపుకున్న మందు పారబోయించి, సరైనది ఇచ్చి వచ్చినాడు. నలుగురిలో పరువు పోతాదని మాయమ్మ అంటే, పైరు మాడితే పరువు ఉంటాదా అన్నాడు. నేను ఈ పుస్తకానికి రెండు పురుగులు కలిపి ఒకటని ఇచ్చినా. తెలీక ఇచ్చినా, ఇచ్చింది మాత్రం నేనే. అందుకని అందరి ముందర వాపసు తీసుకుంటాండా. శాలువా వద్దు.”

పెద్దాయన కట్టె ఊతంగా మెల్లగా లేచాడు.

“ఒరే!” అని ఒక్క కేక వేశాడు. మైకు అక్కర్లేని గొంతు. ప్రిన్సిపాల్ గారు ఉలిక్కిపడి నీళ్ల గ్లాసు ఒలకబోసుకున్నారు. ఇక్కడే కొడుకును తిడతాడనుకున్నాను.

పెద్దాయన స్టేజీ మెట్ల దాకా నడిచి, కొత్త పంచె పక్కకి జరిపి, మొలతాడు ముడి విప్పాడు. దానికి చాలా సేపు పట్టింది. తాళంచెవి తీసి కొడుకు వైపు చాచాడు.

“ఇరవై ఏండ్ల నుంచి వానికి యాపారం తెల్దు, తెల్దు అని అందరికీ చెప్పుకుంట్ని. నాకే తెల్దు. తప్పు సరుకు నలుగురిలో వాపసు తీసుకున్నోడే అంగడి నడిపేటోడు. పట్టుకో. రేప్పొద్దన్నుంచి గల్లా నువ్వే చూసుకో.”

అంగడాయన స్టేజీ దిగి వచ్చి తాళంచెవి అందుకుని, వాళ్ల నాయన భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. మా అటెండరు నిచ్చెన చాటున ఏడ్చాడు, కంట్లో దుమ్ము పడిందన్నాడు. ఇక ప్రిన్సిపాల్ గారు శాలువా చేత్తో పట్టుకుని ఎవరికి కప్పాలో తెలియక దిక్కులు చూస్తుంటే, “పెద్దాయనకి కప్పండి సార్!” అని పిల్లలే అరిచారు. శాలువా కప్పుతుంటే పెద్దాయన నావైపు తిరిగి, “మరి ఆ పురుగు మందుకి చస్తాదా లేదా అనేది నువ్వు ఇంకా చెప్పలేదమ్మా,” అన్నాడు.

తర్వాత నెలకు నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నా విజయాల గురించి అందరూ మాట్లాడారు, ఆ చీటీ గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు మటుకు ఆ పుస్తకంలో గర్వంగా అనిపించే పేజీ అదే. గ్రూపులో నా శాసనం కూడా మార్చాను. ఇప్పుడు రెండు ఫొటోలు అడగను. స్కిప్పర్లు ఎండకు కూర్చునేటప్పుడు ముందురెక్కలు పైకెత్తి, వెనకరెక్కలు పరిచి పెడతాయి. నేలకు ఆనుకుని ఓపిగ్గా పడుకుంటే పైరెక్కా కిందిరెక్కా ఒకే ఫొటోలో దొరుకుతాయి. అదొక్కటి చాలంటాను. అలా పడుకునే ఓపిక ఎంతమందికి ఉంటుందనేది వేరే మాట.

మొన్న మళ్లీ ఒక వాన పడింది. పది రోజులకు ముదిగుబ్బ నుంచి ఫొటో వచ్చింది. గడ్డిచేమంతి మీద స్కిప్పర్, రెక్కలు సగం తెరిచి, పైదీ కిందిదీ ఒక్క ఫొటోలోనే. వరి స్కిప్పర్ లాగుంది, వేలల్లో ఒకటి. కింద ఆయన వాయిస్ మెసేజ్.

“మామూలుదే మేడమ్. కానీ ఈతూరి పురుగు ఒకటే. అంగడి తీసేలోపల మా నాయన గూడ నాతో వస్తాండాడు. కట్టె పట్టుకోని గొర్లని అదిలిస్తాడు, దుమ్ము లేయకుండా.”

ఫొటోను పెద్దది చేసి చూశాను. ఒక మూలన గడ్డి మీద పంచె కట్టిన మనిషి నీడ, చేతిలో కట్టె. ఆ కట్టె నీడ సాగి సరిగ్గా వెనకరెక్క మీద పడి, చుక్క ఉందో లేదో చూడాల్సిన చోటు సగం నల్లబడింది. నా పద్ధతి ప్రకారం ఆ ఫొటోను వాపసు పంపాలి. పంపలేదు.